కంపెనీ సామాను

"ప్రపంచంలో ఏ మనిషీ ఇంతవరకు సరిగ్గా కూర్చోలేదు!"

ఈ మాట అన్నది ఏ స్వామీజీయో, ఏ ఎముకల డాక్టరో కాదు. ఒక ఫర్నిచర్ కంపెనీ. మన దేశపుది కాదు, సముద్రాల అవతలిది. దాని పేరు నాకు నోరు తిరగదు. మా మనవరాలు జెన్నీకి తిరుగుతుంది గాని, అది పలికినప్పుడల్లా తుమ్మినట్టుంటుంది కాబట్టి నేను నేర్చుకోలేదు. నెహ్రూ నగర్ దాటాక రాయపూర్ రోడ్డు మీద ఆ కంపెనీ వారు విమానాలు పెట్టుకొనేటంత షెడ్డు వేశారు. దాన్ని షెడ్డు అనకూడదట, స్టోరు అనాలట. స్టోరు ఇంకా తెరవకముందే ఈ మాటను మేడంత బోర్డు మీద హిందీలో రాయించి నిలబెట్టారు.

నేను భిలాయి ఉక్కు ప్లాంటులో ఉద్యోగమంతా నిలబడే చేశాను. రిటైరయ్యాక కూర్చున్నాను. బాగానే కూర్చున్నాననుకున్నాను. బోర్డు చూశాక తెలిసింది, లేదని!

నా కుర్చీ సంగతి ముందు చెప్పాలి. రిటైరైన రోజున అందరికీ గోడ గడియారం ఇస్తారు, లేకపోతే సూట్‌కేసు ఇస్తారు. మా షిఫ్టు వాళ్ళు నాకు కుర్చీ ఇచ్చారు. ఇనప గొట్టాల కుర్చీ, నైలాన్ పట్టీ నేసింది. కూర్చుంటే కిర్రుమంటుంది, లేస్తే మళ్ళీ కిర్రుమంటుంది. ఇంట్లో నేనెంత మాట్లాడతానో అదీ అంతే మాట్లాడుతుంది. సెక్టర్ ఏడులో మా అబ్బాయి హార్వే క్వార్టర్లో, హాల్లో, కిటికీకి బిగించిన కూలర్ ఎదురుగా దాని చోటు. భిలాయి ఎండల్లో ఆ చోటంటే రాజుగారి సింహాసనం. నాకు రాజ్యం అక్కర్లేదు. ఆ చోటు చాలు.

అలాంటి రోజుల్లో కంపెనీ మా ఇంటి తలుపు తట్టింది.

వచ్చినవాడు రమాకాంత్ అని కాకినాడ కుర్రాడు. తెలుగు వాళ్ళ ఇళ్ళకు తెలుగువాణ్ణే పంపారన్నమాట. మెడలో పట్టీ, పట్టీకి ఫోటో. ఆ ఫోటోలో నవ్వుతున్నాడు, బయట చెమటలు కక్కుతున్నాడు. వాడొచ్చిన వేళకు పక్కింటి నరసింగరావు కూడా మా హాల్లోనే ఉన్నాడు. నరసింగరావుది విజయనగరం దగ్గర పల్లె. మేమిద్దరం ఒకే షిఫ్టులో దుమ్ము తిన్నవాళ్ళం. నేను మాట్లాడని మాటలన్నీ కూడా తనే మాట్లాడేస్తాడు.

"మా కంపెనీలో వస్తువు ముందు పుట్టదు అంకుల్" అన్నాడు రమాకాంత్. "ముందు ధర పుడుతుంది."

"కడుపు రాకముందే బారసాలేటి?" అన్నాడు నరసింగరావు.

"ధర ఖాయమయ్యాక మా వాళ్ళు దేశదేశాలా ఇళ్ళకు వెళ్తారు. మనుషులు ఎలా కూర్చుంటారు, ఎలా లేస్తారు, ఎక్కడ విసుక్కుంటారు, అన్నీ చూస్తారు. ఆ తర్వాత బొమ్మ గీస్తారు. ఆ తర్వాత నమూనా. నమూనా మీద మెషిను కూర్చుంటుంది."

"మెషినా!"

"ఔనండి. రాత్రీ పగలూ కూర్చుని లేస్తుంది, కూర్చుని లేస్తుంది. యాభై వేలసార్లు. అప్పటికీ విరక్కపోతే మనుషుల ఇళ్ళకు వస్తుంది. మనుషులు మూడు నెలలు కూర్చోవాలి. అప్పుడు గాని స్టోరులోకి రాదు."

నరసింగరావు ముందుకు వంగాడు. "అంత బాగా కూకున్న ఆ మెషిన్‌కే అమ్మీరాదేటి బాబూ?"

రమాకాంత్ మా కోడలు మెర్లిన్ వైపు తిరిగాడు. మెర్లిన్ చర్చిలో స్త్రీల సమాజానికి సెక్రటరీ. ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదివింది. తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తుంది. వీధిలో ఎవరింట్లో కొత్త కర్టెన్ వేసినా ఆమెకు ఆ రాత్రి అన్నం సయించదు.

"మేడమ్, భిలాయిలో కొన్ని ఇళ్ళే ఎంచాం. మీది ఒకటి. రెండే రూల్సు. హాల్లో ఇంకే కుర్చీ ఉండకూడదు. అందరూ సోఫా మీదే కూర్చోవాలి. మూడు నెలల తర్వాత మా ఫారిన్ మేడమ్ వచ్చి చూస్తారు. సోఫా నెగ్గితే మీ కుటుంబం ఫోటో స్టోరు గోడ మీదకు ఎక్కుతుంది. సోఫా మీకే."

"నెగ్గకపోతే?"

"వెనక్కి పట్టుకెళ్ళిపోతాం."

ఇక్కడే పొరపాటు జరిగింది. అది మా ఒక్క ఇంటి పొరపాటు కాదు, టౌన్‌షిప్ మొత్తానిది.

మాది ఉక్కు కంపెనీ ఊరు. ఇల్లు కంపెనీది, తలుపు కంపెనీది, గొళ్ళెం కంపెనీది, పంకా కంపెనీది. క్వార్టర్లో అడుగుపెట్టిన నాటి నుంచి మా పిల్లలు రెండు మాటలు నేర్చుకుంటారు. మొదటిది అమ్మ. రెండోది, "ముట్టుకోకు, కంపెనీ సామాను!" ఖాళీ చేసే రోజున తీసుకున్నది తీసుకున్నట్టు అప్పగించాలి. కుళాయి పిడి విరిగినప్పుడు ఏడ్చినంతగా నరసింగరావు తన చెల్లెలి పెళ్ళిలో కూడా ఏడవలేదు. కంపెనీ వారు ఒక వస్తువిచ్చి, మూడు నెలలయ్యాక వచ్చి చూస్తామంటే మా ఊళ్ళో దానికి ఒక్కటే అర్థం. గీత పడకూడదు!

పరీక్ష సోఫాకని రమాకాంత్ అనుకున్నాడు. పరీక్ష మాకని మేమనుకున్నాం.

సోఫా వచ్చింది. అంటే సోఫా రాలేదు, అట్టపెట్టె వచ్చింది. తలుపంత పొడవు, చేతివేలంత మందం గోడలు. మెర్లిన్ మొహం పాలిపోయింది.

"ఏటండీ ఇది? సోఫా అని చెప్పి చెక్కలు పంపారు! ధోఖా!"

"మనమే బిగించుకోవాలట" అన్నాడు హార్వే. ప్లేట్ మిల్లులో ఎర్రగా కాలే ఇనప పలకలను ఆడించేవాడు, మరలు తిప్పే చిటికెనవేలంత వంకర తాళంచెవి పట్టుకొని హాలు మధ్యన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పొద్దున మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి ఒక బల్ల తయారైంది. సాయంత్రానికి దాన్ని విప్పాడు. దీపాలు పెట్టే వేళకు సోఫా నిలబడింది. రెండు మరలు మిగిలాయి. వాటిని జేబులో వేసుకొని ఎవరికీ చెప్పలేదు. నేను చూశాను. నేనూ ఎవరికీ చెప్పలేదు.

దాని పేరు ఫ్లూమ్‌డాల్ అట. నేలకు మూరెడు ఎత్తు, చెరువంత లోతు.

మెర్లిన్ దాని ప్లాస్టిక్ కవరు తీయలేదు. కవరు మీద పాత దుప్పటి పరిచింది. దుప్పటి మీద తను అల్లిన లేసు వేసింది. లేసు జారకుండా నాలుగు మూలలా దుప్పటికి పిన్నులు పెట్టింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"మావయ్యా, ఏటీ అనుకోవద్దు. రూలు కదా. హాల్లో ఇంకో కుర్చీ ఉండకూడదంట. మీ కుర్చీ నరసింగరావు అంకుల్ ఇంట్లో పెడతాం. బస్, తీన్ మహీనే! పరీక్ష అయిపోగానే మళ్ళీ కిటికీ కిందే. ప్రామిస్."

నేను తలూపాను.

"నాన్నా, మరి నువ్వు సోఫా మీద..." అన్నాడు హార్వే.

"పాగల్ హో క్యా? పిచ్చా?" అంది మెర్లిన్.

అలా రెండు రూల్సుల్లో మొదటిదాన్ని మా కోడలు దేవుని ఆజ్ఞలా పాటించింది. రెండోదాన్ని మనుషుల ఆజ్ఞలా పాటించింది.

ఆ రోజు నుంచి మా ఇంటివాళ్ళు నేల మీద కూర్చోవడం నేర్చుకున్నారు. సోఫాకు వీపు ఆనించి, కాళ్ళు బార్లా చాపి, దాని అంచు మీద తల వాల్చి. హార్వే ఈ చివర, మెర్లిన్ ఆ చివర, జెన్నీ మధ్యన. టీ అక్కడే, అన్నం అక్కడే, సినిమా అక్కడే. వాళ్ళ వెనకాల ఫ్లూమ్‌డాల్ గారు పెళ్ళికొడుకులా లేసు కప్పుకొని, కూలర్ గాలి తింటూ ఒంటరిగా కూర్చునేవారు. ఇంట్లో నేల మీద మోకాళ్ళు మడవలేనివాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి వరండా పిట్టగోడ నాకు వచ్చింది. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో ఆ గోడ మీద దోసె వేయొచ్చు.

అందుకని పక్కింటికి వెళ్ళేవాణ్ణి. నా కుర్చీ మీద కూర్చోవడానికి నేనే చుట్టంలా వెళ్ళవలసి వచ్చింది! వెళ్ళేసరికి నరసింగరావు అందులో కాలు మీద కాలేసుకొని ఉండేవాడు.

"వచ్చీసేవా విలియం! రా, రా. ఆ ముక్కాలిపీట లాక్కో. ఏటోయ్, నీ కుర్చీ మా ఇంటికి బాగా అలవాటుపడిపోనాది. నిన్న నువ్వు రానేదని రెండుసార్లు కిర్రుమంది."

నేను పీట లాక్కొనేవాణ్ణి.

"మీ సోఫా ఎలగుంది? బాగా కూకుంటన్నారా?"

నేను పైకి, పంకా వైపు చూసేవాణ్ణి. ఆయనా పంకా వైపు చూసి నవ్వేవాడు. వాళ్ళింట్లోంచి చూస్తే మా హాలు రెండో కిటికీలోంచి అంతా కనిపిస్తుంది.

ఆదివారం ఆదివారం కంపెనీకి ఫోటో పంపాలి, కుటుంబమంతా సోఫా మీద కూర్చున్నట్టు. దానికి మెర్లిన్ ఒక విద్య కనిపెట్టింది. ఆ కాసేపు లేసూ దుప్పటీ తీసి, ముగ్గురూ సోఫాకు బెత్తెడు పైన, గాలిలో కూర్చునేవారు! చూసేవాళ్ళకు కూర్చున్నట్టే ఉంటుంది. తొడలు వణుకుతూ ఉండాలి, మొహం నవ్వుతూ ఉండాలి. ఫోన్ పట్టుకొని బొత్తాం నొక్కడం నా పని.

"మావయ్యా, జల్దీ!"

నేను ఏ పనీ తొందరపడి చేయను.

"తాతా, ప్లీజ్! పడిపోతాం! గిర్ జాయేంగే!"

ఒక ఆదివారం హార్వే నిజంగానే పడబోయి, సోఫా మీద పడితే ఎక్కడ గీత పడుతుందోనని పక్కకు ఒరిగి బల్ల మూలకు తల కొట్టుకున్నాడు. రెండు కుట్లు పడ్డాయి. సోఫాకు ఏమీ కాలేదు. మెర్లిన్ దేవునికి స్తోత్రం చెప్పింది.

అన్నిటికన్నా పెద్ద గండం పాస్టరుగారి రూపంలో వచ్చింది. ఆ నెల గృహకూడిక మా వంతు. పాస్టర్ డేవిడ్‌రాజ్ గారు మంచివారు, బరువైనవారు. వీధిలో సగం మంది సోఫా చూడ్డానికే పాటల పుస్తకాలు పట్టుకొని వచ్చారు. అందరూ గుమ్మంలో ఆగి "అబ్బ!" అన్నారు. మెర్లిన్‌కు ఆ ఒక్క అబ్బతో మూడు నెలలకు సరిపడా కడుపు నిండింది. పాస్టరుగారు మాత్రం అబ్బ అనలేదు. నేరుగా సోఫా వైపు నడిచారు.

"పాస్టరుగారూ!" అంది మెర్లిన్ అడ్డం వెళ్ళి. "ఈ పూట అందరం నేల మీద కూర్చుందామండి. ప్రభువు ముందు... వినయంగా."

పాస్టరుగారు సోఫాను చూశారు. నేలను చూశారు. ఆయన మోకాళ్ళు కూడా నా మోకాళ్ళ లాంటివే. కాని వినయం వద్దనే పాస్టరు ఎక్కడుంటాడు? ఇద్దరు పట్టుకుంటే మెల్లగా దిగారు. ఆ రోజు వాక్య ప్రసంగం మధ్యలో ఆపి మరీ అన్నారు: "ఇంట్లో ఇంత చక్కని ఆసనం ఉంచుకొని కూడా నేలను కోరుకుంది ఈ సహోదరి! మనలో ఎంతమందికి ఈ తగ్గింపు మనసుంది?"

"ఆమేన్" అన్నారు అందరూ. మెర్లిన్ తల వంచుకొంది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. నన్నెవరూ వినయస్థుడు అనలేదు.

మూడు నెలలు నిండాయి. దొరసాని వచ్చింది.

ఆ పొద్దున్నే లేసు తీశారు, దుప్పటి తీశారు, ప్లాస్టిక్ తీశారు. ఫ్లూమ్‌డాల్ గారు తల్లి కడుపులోంచి అప్పుడే వచ్చినట్టున్నారు. దొరసాని పొడుగాటి మనిషి. జోళ్ళు గుమ్మంలో విడిచి వచ్చింది. మంచి మనిషే.

"బైఠియే మేడమ్, బైఠియే!" అంది మెర్లిన్ సోఫా చూపించి, లోపల ప్రాణం బిగపట్టి.

దొరసాని చేతులు అడ్డంగా ఊపింది. పరీక్షలో ఉన్న వస్తువు మీద కంపెనీ వాళ్ళు కూర్చోకూడదట, అది వాళ్ళ రూలు అని రమాకాంత్ చెప్పాడు. అంటే ఆ సోఫా మీద మేమూ కూర్చోలేదు, వాళ్ళూ కూర్చోరు! పాపం, ఆ మెషినొక్కటే దిక్కు.

ఇంటికొచ్చిన దొరసాని నిలబడి ఉంది. హాల్లో ఇంకో కుర్చీ లేదు. మెర్లిన్ మొహంలో రక్తం లేదు. అప్పుడు గుమ్మంలో గొంతు వినిపించింది.

"కుర్చీ కావాలేటమ్మా?" నెత్తిన నా కుర్చీ పెట్టుకొని నరసింగరావు. కిటికీలోంచి అంతా చూస్తూనే ఉన్నాడు.

దొరసాని నా కుర్చీలో కూర్చుంది. కిర్రుమంది. ఆమె కనుబొమలు లేచాయి. వెనక్కి వాలింది. మళ్ళీ కిర్రుమంది. ఒక్క క్షణం కళ్ళు మూసుకొంది. తర్వాత తెరిచి పనిలో పడింది.

"రోజుకు ఎంతసేపు కూర్చుంటారని అడుగుతున్నారు" అన్నాడు రమాకాంత్.

"లేచిన దగ్గర్నుంచీ!" అంది మెర్లిన్. "తిండి ఇక్కడే, టీవీ ఇక్కడే, ప్రేయర్ ఇక్కడే. లేవాలంటేనే మనసొప్పదు, దిల్ నహీ కర్తా!"

అందులో అబద్ధం ఒక్కటే ఉంది. మిగతాదంతా సోఫాకు బెత్తెడు దూరంలో నిజమే.

దొరసాని లేచింది. దిండ్లు తిప్పింది, కుట్లు లాగింది, ముక్కు ఆనించింది. ఎక్కడా నలగలేదు, ఎక్కడా కుంగలేదు. ఆమె మొహం వెలిగిపోయింది. అంతలో ముందు అంచు దగ్గర ఆగింది. అక్కడ, కూర్చునే చోటుకు కింద భాగంలో, ప్లాస్టిక్ సందుల్లోంచి ఎలా దిగిందో మరి, మూడు గుండ్రటి మరకలు. వేలితో రాసి వాసన చూసింది.

"కొబ్బరి నూనె" అన్నాడు రమాకాంత్ మెల్లగా.

మెర్లిన్ నూనె తల మీదికి కొంగు లాక్కొంది.

"అది... మా పద్ధతి మేడమ్" అన్నాడు హార్వే. "పెద్దల ఎదుట ఆనుకుని కూర్చోం. ఇలా... అంచు మీద కూర్చుంటాం."

"మరి నూనె?"

"తల వంచుకుని కూర్చుంటాం" అంది మెర్లిన్.

దొరసాని గాలిలోనే అంచు మీద కూర్చున్నట్టు నడుం వంచి, తల సోఫా కింది దాకా తేవడానికి ప్రయత్నించింది. సగంలో నడుం పట్టుకొంది. లేచి, ఎంతో మర్యాదగా మా అందరికీ నమస్కారం చేసింది. ఇంత పెద్దల భక్తి ఆమె ఏ దేశంలోనూ చూడలేదట!

తర్వాత తెలిసింది. మా సెక్టర్లో, ఊరవతల కోహ్కాలో, ఎంచిన ప్రతి ఇంట్లోనూ సోఫా కొత్తగానే ఉందట. ప్రతి ఇంట్లోనూ అదే ఎత్తులో నూనె మరకలేనట. భిలాయిలో సోఫా అరగదని కంపెనీ తేల్చింది. ఇక్కడి గాలిలోనే ఉక్కు ఉందని దొరసాని పై వాళ్ళకు చెప్పిందట.

వెళ్ళబోతూ ఆమె నా కుర్చీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. రమాకాంత్ చెవిలో ఏదో చెప్పింది.

"ఈ కుర్చీని మా హెడ్డాఫీసుకు తీసుకెళ్ళొచ్చా అంటున్నారు. స్టడీ చేయడానికట."

"లే జాయియే మేడమ్, తీసుకెళ్ళండి!" అంది మెర్లిన్. "మావయ్యకి ఇప్పుడు సోఫా ఉంది కదా!"

రమాకాంత్ నా వైపు తిరిగాడు. "మీకేమైనా అభ్యంతరమా తాతగారూ?"

నాలో మాట బయటికి రావడానికి కొంత వ్యవధి పడుతుంది. మాట బయలుదేరింది. గుండెలోంచి గొంతులోకి వచ్చింది. ఈలోగా కుర్చీ వరండా దాటింది, మెట్లు దిగింది, కారు డిక్కీలో పడుకొంది. కారు మలుపు తిరిగాక నా నోట్లోంచి "వద్దు" అని వచ్చింది.

"ఎవరికి సెప్తన్నావు?" అన్నాడు నరసింగరావు. ఆయన కళ్ళలో కూడా నీళ్ళు తిరుగుతున్నాయి. కుర్చీ నాదే గాని, మూడు నెలలు కూర్చున్నది ఆయన.

నా కుర్చీ విమానమెక్కింది. నేను ఇంతవరకు ఎక్కలేదు.

వానలు పడ్డాక స్టోరు తెరిచారు. ఫ్లూమ్‌డాల్‌ను లోకానికి చూపించే సభకు మా కుటుంబం ముఖ్య అతిథులు. మెర్లిన్ పట్టుచీర, హార్వే కోటు. నాకు మాత్రం ఒకటే లెక్క. దొరసాని అక్కడుంటుంది. ఈసారి మాటను ముందే సిద్ధం చేసి పెట్టుకోవాలి. "నా కుర్చీ నాకు ఇచ్చెయ్యండి." నాలుగే మాటలు. వరండాలో వారం రోజులు లోలోపల వల్లించాను. గొంతు దాకా తెచ్చి పెట్టుకున్నాను.

స్టోరు నిండా జనం. వేదిక మీద ఫ్లూమ్‌డాల్. వెనక గోడ మీద మా ఫోటో, గాలిలో కూర్చున్నది. హార్వే నుదుటి మీద కుట్లు కూడా పడ్డాయి. రమాకాంత్ మైకు పట్టుకొని హిందీలో అరిచాడు: "మూడు నెలలు రాత్రీ పగలూ ఈ సోఫా మీద కూర్చున్న కుటుంబం! రండి సార్, రండి మేడమ్! ఇంట్లో ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోండి!"

అలాగే కూర్చున్నారు.

మెర్లిన్ ఆ చివర, హార్వే ఈ చివర, జెన్నీ మధ్యన. అలవాటు ఎవరి మాటా వినదు. ముగ్గురూ వచ్చి, వీపులు ఆనించి, నేల మీద చతికిలబడ్డారు. కాళ్ళు బార్లా చాపారు. తలలు అంచు మీద వాల్చారు. పట్టుచీరతో, కోటుతో, హాయిగా. అరక్షణం తర్వాత మెర్లిన్ కళ్ళు పెద్దవయ్యాయి. కాని అప్పటికే ఫోటోలు పడుతున్నాయి.

జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళకు అందులో వింతేమీ కనబడలేదు. సోఫా ఉన్న ప్రతి ఇంట్లోనూ కూర్చునే పద్ధతి అదేగా!

దొరసానికి మాత్రం కనబడింది. ఆమె జెన్నీ తల వైపు చూసింది. తల కింద అంచు వైపు చూసింది. మూడు తలలు, మూడు మరకలు. రమాకాంత్ వైపు చూసింది. రమాకాంత్ పైకప్పు వైపు చూశాడు. ఆమె స్టోరు వైపు చూసింది. గోడ పొడవునా, కప్పు దాకా ఫ్లూమ్‌డాల్ పెట్టెలే. ఇంకా ఓడల్లో వస్తున్నాయట.

అప్పుడు దొరసాని అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది.

"దాదాజీ! మీరూ!" అన్నాడు రమాకాంత్.

నేను నేల మీద కూర్చోలేను. కాబట్టి సోఫా మీద కూర్చున్నాను. పుట్టింది మొదలు దాని మీద కూర్చున్న మొదటి మనిషిని నేనే!

కూర్చున్నాను అంటే, దిగాను. ఇంకా దిగాను. అడుగు తగులుతుందనుకున్న చోట తగల్లేదు. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. పొట్ట గుండెల్లోకి వచ్చింది. గొంతులో దాచుకున్న నాలుగు మాటలూ ఆ ఒత్తిడికి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాయి. లేద్దామని చేతులు ఊన్చాను. చేతులూ దిగాయి. రమాకాంత్ మైకు నా నోటి ముందు పెట్టాడు.

"ఎలా ఉంది దాదాజీ?"

"లేవలేకపోతన్నాను" అన్నాను. ఊపిరి అంతే ఉంది.

రమాకాంత్ ఒక్క క్షణం నన్ను చూశాడు. ఆ క్షణంలో వాడి ఉద్యోగం, వాడి ఇంటద్దె, అన్నీ కళ్ళలో కనిపించాయి. జనం వైపు తిరిగాడు.

"దాదాజీ అంటున్నారు, ఇంత సుఖం వదిలి లేవబుద్ధి కావడం లేదట!"

స్టోరు దద్దరిల్లింది. నేను లేవడానికి గింజుకుంటున్నకొద్దీ ఆనందంతో ఊగుతున్నానని వాళ్ళు మరింత చప్పట్లు కొట్టారు. చివరికి నలుగురు వచ్చి లాగారు. "చూశారా, లాగినా రావడం లేదు!" అని రమాకాంత్ అరిచాడు. ఆ మాట మాత్రం నిజం.

సాయంత్రానికి పెట్టెలన్నీ అయిపోయాయి. వారం తిరిగేసరికి మా వీధిలో ఫ్లూమ్‌డాల్ లేని ఇల్లు లేదు. నరసింగరావు కూడా కొన్నాడు.

"మా ఆవిడ అన్నం మానీసింది, ఏటి సేస్తాను?" అన్నాడు. ఆయన ముక్కాలిపీట కూడా పెరట్లోకి పోయింది.

ఏడాది గడిచింది. ఆ మధ్య రమాకాంత్ మిఠాయి పొట్లంతో వచ్చాడు. వాడికి ప్రమోషన్. ఏ దేశంలో ఏ సరుకుకైనా ఫిర్యాదులు వస్తాయట. కాలు విరిగిందనో, కుట్టు ఊడిందనో. భిలాయి ఫ్లూమ్‌డాల్ మీద మాత్రం ఒక్క ఫిర్యాదు రాలేదట! కంపెనీ చరిత్రలో లేదట!

ఎలా వస్తుంది? ఇంటింటా ప్లాస్టిక్ అలాగే ఉంది. ప్లాస్టిక్ మీద దుప్పటి, దుప్పటి మీద లేసు, లేసు ముందు నేల మీద మనుషులు. కూర్చున్నవాడు నేనొక్కణ్ణే. నా ఫిర్యాదును మైకులో విని చప్పట్లు కొట్టారు.

రాయపూర్ రోడ్డు మీద పాత బోర్డు తీసేసి కొత్తది పెట్టారు. "భిలాయి కూర్చుంది!" అని.

"మరి నా కుర్చీ?" అని మిఠాయి తెచ్చిన రోజే రమాకాంత్‌ను అడిగాను. ఈసారి మాట సమయానికి వచ్చింది. నాకే ఆశ్చర్యం వేసింది.

రమాకాంత్ ఫోన్ తీసి బొమ్మ చూపించాడు. హెడ్డాఫీసులో పెద్ద అద్దాల గది. గది మధ్యన అద్దాల పెట్టె. పెట్టెలో నా కుర్చీ, నైలాన్ పట్టీతో సహా, మీద దీపం వెలుగుతోంది. ముందు చిన్న పలక.

"ఏమని రాశారురా?" అన్నాను.

జెన్నీ ఫోన్ లాక్కొని చదివింది. "'కూర్చోవద్దు' అని రాశారు తాతా."

మెర్లిన్ గర్వంగా నిట్టూర్చింది. "చూశారా మావయ్యా, వాళ్ళెంత బాగా చూసుకుంటున్నారో!"

అక్కడ కూడా ఒక మెర్లిన్ ఉందన్నమాట. ప్రపంచంలో ఏ మనిషీ సరిగ్గా కూర్చోలేదని కంపెనీ వారు ఊరికే అనలేదు. కూర్చోనివ్వకుండా చూసుకుంటున్నారు!

ఇక నా సంగతి. సోఫా వచ్చిన అట్టపెట్టెను మెర్లిన్ పారేయలేదు, వెనక్కి ఇవ్వాల్సి వస్తుందేమోనని. పరీక్ష అయ్యాక దాన్ని నేనే అడిగి తీసుకున్నాను. నాలుగు మడతలు వేసి, తాడుతో కట్టి, వరండాలో వేపచెట్టు నీడ పడే మూలన పెట్టుకున్నాను. దళసరి అట్ట. ఎత్తు సరిపోయింది. వీపుకు గోడ ఉంది. లేవడం కూడా సులువే. సాయంత్రం నరసింగరావు తన అట్టపెట్టె చంకన పెట్టుకొని వస్తాడు. ఇద్దరం పక్కపక్కన కూర్చుంటాం. కిర్రుమనదు, అదొక్కటే లోటు.

"బాగుందోయ్!" అంటాడు నరసింగరావు కాళ్ళు చాపుకొని. వీధిలో పోయేవాళ్ళకు వినబడేంత గట్టిగా.

నేను ఆయన నోరు మూస్తాను. బాగుందని బయటికి పొక్కితే, రేపు పొద్దున్నే మెడలో పట్టీ వేసుకొని కంపెనీ వచ్చేస్తుంది.